తొంభై రెండు సెంటీమీటర్లు

రాజారాం ఎవరింటికి పోయినా ముందు ఆ ఇంట్లో పిల్లల ఎత్తు చూస్తాడు. పేరేమిటి, ఏ తరగతి అనేవి తర్వాతి మాటలు. బోధన్‌లో తమ గల్లీలో ఆడుకునే పిల్లల్లో ఎవరు ఎనభై సెంటీమీటర్లు దాటారో, ఎవరు నూరుకు చేరారో అతనికి కంటి కొలతతోనే తెలుసు. తొంభై దగ్గర పడుతున్న పిల్ల ఎదురైతే మాత్రం చూపు తిప్పుకుంటాడు. ఆ పిల్ల ఇంకో నాలుగు వేళ్లు పెరిగేదాకా ఆ ఇంటి ముందునుంచి నడవడు. వెనక సందులోంచి చుట్టు తిరిగి పోతాడు.

భార్య శ్యామలమ్మ అరుగు మీద చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతూ ఇదంతా చూస్తుంటుంది. ఇరుగుపొరుగు అడిగితే, డాక్టర్ ఎక్కువ నడవమన్నాడని చెప్తుంది. ఇరవై ఏళ్లుగా అదే మాట.

అతను గోదావరి ఒడ్డున గేజ్ రీడర్‌గా పనిచేసి కిందటేడు రిటైరయ్యాడు. ఏటి ఒడ్డున గట్టు పైనుంచి నీళ్లలోకి వరసగా స్తంభాలు పాతి ఉంటాయి. వాటికి తెల్లటి పింగాణీ రేకులు, రేకుల మీద నల్లటి సెంటీమీటరు గీతలు. నీళ్లు ఏ గీత దగ్గర ఉన్నాయో చూసి రిజిస్టర్‌లో రాసుకోవాలి, వైర్‌లెస్‌లో పై ఆఫీసుకు చెప్పాలి. ఎండాకాలం రోజుకు మూడుసార్లు, వానాకాలం గంట గంటకు. ఈ ఒక్క పని అతను ఇరవై రెండేళ్లు ఒకే చోట చేశాడు. మధ్యలో రెండుసార్లు నిజామాబాద్ టౌన్‌కు బదిలీ వస్తే బతిమాలి ఆపించుకున్నాడు. ఏటి ఒడ్డున ఏముందని అంత పట్టుదల అని తోటివాళ్లు నవ్వుకున్నారు.

రెండు వేల నాలుగు జూలైలో, ముసురు పట్టిన ఒక పొద్దున, రేణుక అనే అమ్మాయి ఆ ఇల్లు వెతుక్కుంటూ వచ్చింది. ముప్పై లోపే ఉంటుంది. పుట్టింది ధర్పల్లిలో, ఉద్యోగం హైదరాబాదులో. తుఫాన్లు, వరదలు తరచుగా వచ్చే పేద దేశాలకు ముందస్తు హెచ్చరిక ఎలా ఏర్పాటు చేసుకోవాలో సలహా చెప్పే సంస్థ వాళ్లది. తొమ్మిది రోజుల్లో బంగ్లాదేశ్‌కు, అక్కడినుంచి మొజాంబిక్‌కు పోవాలట. ఇదంతా చెప్పి బ్యాగులోంచి ఒక కాగితం తీసింది. పాత టైపు కాగితానికి జిరాక్సు.

రాజారాం దాన్ని ముట్టుకోకముందే గుర్తుపట్టాడు. దాని అసలు ప్రతి లోపల ట్రంకు పెట్టె అడుగున, పరిచిన పేపరు కింద ఉంది.

"ఎనభై మూడులో చిన్నరేవులో మీరు చేసిన పని సార్ ఇది," అంది రేణుక. "కొలతలు మీటర్లలో చెప్తే ఊరివాళ్లకు అర్థం కాదని, వాళ్లకు తెలిసిన మెట్టు పేరు పెట్టి దండోరా వేయించారు. ఇప్పుడు ప్రపంచమంతా ఇదే పద్ధతి కావాలంటున్నారు. మీరు ఇరవై ఏళ్ల కిందే చేశారు. నా రిపోర్టు మొదటి పేజీలో చిన్నరేవు పద్ధతి అని రాశాను."

శ్యామలమ్మ చేతిలో తునికాకు కత్తిరిస్తున్న కత్తెర ఆగింది.

రేణుక కాగితం మీద వేలు పెట్టి చదివింది. వరదకు సుమారు గంట ముందు ప్రజలకు వారికి తెలిసిన గుర్తులతో హెచ్చరిక అందించినందుకు గేజ్ రీడర్ శ్రీ రాజారాంను అభినందిస్తున్నాము. కింద ఇంకో చిన్న వాక్యం ఉంది. ప్రాణనష్టం: ఒకటి. ఆ వాక్యాన్ని రేణుక చదవలేదు. చదవాల్సిన అవసరం అతనికీ లేదు.

ఊరికి తీసుకుపోయి ఆ మెట్టు చూపించాలని, ఆ రోజు ఉన్నవాళ్లతో మాట్లాడించాలని ఆమె అడిగింది. రాజారాం మోకాళ్ల నొప్పులన్నాడు. జీపు తెచ్చానంది. వాన పడేట్టుందన్నాడు. వాన పడితేనే మంచిదంది. ఇంతలో ఆమె ఫోన్ మోగింది. గుమ్మం దగ్గరికి పోయి ఎవరితోనో జ్వరం ఎంతుందని, మందు ఎన్నింటికి వేశారని, థర్మామీటరు చంక కింద ఎన్ని నిమిషాలు పెట్టారని అడుగుతోంది. మూడు నిమిషాలు చాలవు, మళ్లీ పెట్టి చూడమంటోంది.

"పిల్లనా?" అని అడిగాడు, ఆమె తిరిగి వచ్చాక.

"అవును సార్. మూడేళ్లు దాటింది."

ఎత్తు అడగబోయి ఆగాడు. చెప్పుల కోసం వెతుక్కున్నాడు.

*

చిన్నరేవు కందకుర్తికి కోసు దూరంలో ఉన్న పల్లె. అక్కడ గోదావరి, మంజీర ఒకదానిలో ఒకటి కలిసే ముందు నీళ్లు వెడల్పుగా పరుచుకుని, చూడ్డానికి కదలనట్టే ఉంటాయి. రాజారాంది వేల్పూర్. పసుపు చేలు, మక్క చేలు తప్ప ఏరన్నది చూడకుండా పెరిగినవాడు. ఎనభై ఒకటిలో ముప్పై ఆరేళ్ల వయసులో అక్కడికి పోస్టింగ్ వచ్చినప్పుడు అతనికి ఈత కూడా రాదు. గేజ్ దగ్గర ఒక గది, వైర్‌లెస్ పెట్టె, రిజిస్టర్లు. ఊరు ఫర్లాంగు ఎగువన. మధ్యలో ఒక వాగు. ఏరు పొంగితే వాగులోకి ఎదురు నీళ్లు ఎక్కి దారి మూసుకుపోతుంది.

ఊరివాళ్లు అతన్ని గేజ్ సారు అన్నారు. ఏడాదికోసారి వేల్పూర్ పోయి వచ్చేటప్పుడు పసుపు కొమ్ములు తెచ్చి నాలుగిళ్లకు ఇచ్చేవాడు. ఆ నాలుగిళ్లలో ఈరవ్వది ఒకటి. ఎనభై మూడు నాటికి పాతికేళ్ల పిల్ల, నాలుగేళ్ల కూతురు. ఆ కూతురికి అత్తగారు పట్టుబట్టి తన తల్లి పేరు పెట్టించింది, దేవవ్వ అని. పిడికెడు పిల్లకు ముసలామె పేరని ఊరంతా నవ్వేవారు. "ఏమే ముసల్దానా, నడుము నొస్తున్నదా?" అంటే ఆ పిల్ల నడుము మీద చెయ్యి పెట్టుకుని నడిచి చూపించేది.

ఎండాకాలం వాగు ఎండినప్పుడు తల్లి బట్టలు ఉతుకుతుంటే దేవవ్వ గేజ్ దగ్గరికి వచ్చేది. సారు ఏదో గీతలు చూసి రాసుకుంటాడు. నీళ్లు ఎంతున్నాయంటే ఏదో అంకె చెప్తాడు. ఒకరోజు ఆ పిల్ల ఒడ్డు మీదున్న స్తంభానికి వీపు ఆనించి నిలబడి, మెడ చాచి, "సారూ, నేనెన్ని నీళ్లున్న?" అని అడిగింది.

రాజారాం వంగి, పింగాణీ రేకు మీద గీత చూసి నిజాయితీగా చదివాడు. ఎనభై ఎనిమిది. తర్వాత అదొక ఆట అయింది. నెలకోసారి వచ్చి నిలబడేది. ఎనభై మూడు ఆగస్టు మొదటి వారంలో తొంభై రెండు ఉంది. రిజిస్టర్ చివరి పేజీలో పెన్సిల్‌తో రాసుకున్నాడు.

తనకు మీటర్లు తెలుసు, ఊరికి తెలియవు అన్న బాధ అతనికి మొదటినుంచీ ఉండేది. గేజ్ మీద ఆరు మీటర్లు దాటితే ప్రమాదమని ఆఫీసు చెప్పింది. ఆరు మీటర్లంటే ఊరికి ఏం అర్థమవుతుంది? హెచ్చరించడం అతని డ్యూటీ కాదు. చదివి పైకి చెప్పడమే డ్యూటీ. అయినా ఊరుకోలేకపోయాడు. పడవ నడిపే తుకారాంను వెంటేసుకుని, మేస్త్రీలు మట్టం చూసుకునే పారదర్శకమైన పైపు ఒకటి బోధన్ నుంచి తెప్పించాడు. నీళ్లు నింపిన పైపు ఒక కొస గేజ్ ఆరు మీటర్ల గీత దగ్గర మొదలుపెట్టి, గట్టు వెంట గుంజలు పాతుకుంటూ, ఒక్కో గుంజ మీద మట్టం గీసుకుంటూ రెండు రోజులు నడిచి రేవు మెట్లు చేరారు. పైనుంచి నాలుగో మెట్టుకు సరిగ్గా సమానం వచ్చింది. ఆ రాతి మెట్టు మీద రెండు పాదాలు చెక్కి, కుంకుమ పూసి ఉన్నాయి.

"దీన్ని ఏమంటరు?" అని అడిగాడు.

"అమ్మ మెట్టు," అన్నాడు తుకారాం.

"గీ పేరు చెప్తే ఊళ్లె అందరికి సమజైతదా?"

తుకారాం పగలబడి నవ్వాడు. "అరే బాబా, సమజ్ గాక ఏమైతది? పాలు తాగే పోరగాళ్లకు గూడ ఎర్కే."

రాజారాంకు ఆ రోజు కలిగినంత సంతోషం మళ్లీ ఎప్పుడూ కలగలేదు. ఒక అంకెను తెచ్చి ఊరి చేతిలో పెట్టానని అనుకున్నాడు. ఆ మెట్టుకు అమ్మ పేరు ఎందుకొచ్చిందని మాత్రం అడగలేదు. తుకారాం చెప్పలేదు. ఊళ్లో పాలు తాగే పిల్లకు తెలిసింది సారుకు తెలియదని అతనికెలా తోస్తుంది? అడగకుండా తెలుసుకునే వీలూ లేకపోయింది. రాజారాం వచ్చిన రెండేళ్లూ వానలు సరిగ్గా లేక నీళ్లు ఆ మెట్టు దాకా రానేలేదు.

*

ఆ రోజు శుక్రవారం. ఆకాశంలో మబ్బు తునక లేదు. చెరుకు ఆకుల మీద ఎండ తళతళ మెరుస్తోంది. వాన పడింది ఎక్కడో మహారాష్ట్రలో, రెండు రోజుల కింద. పొద్దున ఎనిమిదింటికి గేజ్ నాలుగు మీటర్ల పది. పదింటికి నాలుగు అరవై. పదకొండున్నరకు వైర్‌లెస్‌లో మాట వచ్చింది, పైన గేట్లు ఎత్తారని. అప్పటికి ఐదు ఇరవై. రాజారాం కాగితం మీద లెక్క వేశాడు. ఒంటిగంటకు ఆరు చేరుతుంది, అక్కడితో ఆగదు.

వాగులో ఇంకా మోకాలి లోతే. అది దాటి ఊళ్లోకి పరుగెత్తాడు. డప్పు కొట్టే ముత్తన్న వేప చెట్టు కింద అన్నం తింటున్నాడు. దండోరాలో ఏం చెప్పాలో రాజారాం ముందే తయారుచేసి పెట్టుకున్నాడు. తేలిక మాటలు, ఒక్క అంకె లేకుండా. గంగ అమ్మ మెట్టు కాడికి వస్తున్నది, ఇంకా వస్తది. రెండుసార్లు అనిపించి, ముత్తన్న చెయ్యి కడుక్కునేదాకా పక్కనే ఉండి, గంట రీడింగ్ తప్పిపోతుందని వెనక్కి పరుగెత్తాడు. వాగు అప్పటికే నడుము లోతైంది.

దండోరా తన గదిదాకా వినబడింది. ముత్తన్న గొంతు మంచి గొంతు.

ఒంటిగంటకు ఆరు మీటర్లు చదివి తల ఎత్తితే, రేవు మెట్ల మీద రంగురంగుల చీరెలు కనిపించాయి. మొదట అర్థం కాలేదు. ఏరు చూడ్డానికి వచ్చారనుకున్నాడు. తర్వాత పళ్లాలు కనిపించాయి, పళ్లాల్లో ఎర్రటి జాకెట్ బట్టలు, దీపాలు. ముందు ముత్తన్న డప్పు కొడుతూ దిగుతున్నాడు. వెనక పది పన్నెండు మంది ఆడవాళ్లు, చంకల్లో, చేతుల్లో పిల్లలు.

కొత్త నీళ్లు అమ్మ మెట్టు తాకిన రోజు ఆ ఊరి ముత్తైదువలు గంగమ్మకు ఒడి నింపుతారని అతనికి ఆ తర్వాతే తెలిసింది. పసుపు, కుంకుమ, బియ్యం, రవికె గుడ్డ నీళ్లలో వదిలి, పిల్లల పాదాలు తడిపి తెస్తారు. ఒడి నిండిన గంగ ఇంక పైకి ఎక్కదని వాళ్ల నమ్మకం. ఎప్పుడు పోవాలో ఎవరికి వాళ్లు నిర్ణయించుకోరు. గంగ అమ్మ మెట్టుకు వచ్చిందని డప్పు చెప్తుంది. ఎన్నో తరాలుగా ఆ మాటే పిలుపు. రెండేళ్లుగా ఆ పిలుపు రాలేదు కాబట్టి ఈసారి అందరూ కదిలారు.

రాజారాం అరిచాడు. వాగు దాకా ఉరికి, నీళ్లు ఛాతీకి వచ్చేసరికి వెనక్కి ఎక్కి మళ్లీ అరిచాడు. డప్పు చప్పుడులో అతని గొంతు అవతలికి చేరలేదు. భుజం మీది తువ్వాలు తీసి ఊపాడు. ఆ గుంపులో ఒక్కరు అతన్ని చూశారు. అందరికంటే కింద ఉన్న చిన్న పిల్ల, గేజ్ సారును గుర్తుపట్టి, చెయ్యి ఎత్తి తిరిగి ఊపింది.

అప్పుడు మంజీర వైపునుంచి నీళ్లు తోసుకొచ్చాయి. అలలా కాదు, ఎవరో కిందినుంచి నేలను ఎత్తినట్టు. రెండు మెట్లు ఒక్కసారిగా లేకుండా పోయాయి. తుకారాం పడవ అడ్డంపెట్టి ఈరవ్వను జుట్టు పట్టి లాగాడు. మిగతావాళ్లు ఒకరినొకరు పట్టుకుని పైకి పడ్డారు. డప్పు ఆగిపోయింది.

రెండింటి రీడింగ్ రిజిస్టర్‌లో ఉంది. ఆరు మీటర్ల డెబ్బై ఐదు. చేతిరాత వంకర పోలేదు. ఆ గీతను ఎలా చూశాడో, ఎలా రాశాడో ఎంత ఆలోచించినా అతనికి గుర్తు రాదు. దేవవ్వ మూడో రోజు దిగువన దొరికింది.

*

జరిగిందాన్ని అందరూ తలా ఒకరకంగా అర్థం చేసుకున్నారు. హెచ్చరిక అందినా ఒక తల్లి వినలేదని ఆఫీసు అనుకుంది. ముత్తన్న ఎప్పటిలాగే పిలిచాడని, ఏరు ఎప్పటిలా లేదని ఊరు అనుకుంది. గేజ్ సారు తమ ఆచారాన్ని గౌరవించి కబురు చెప్పాడని ముత్తన్న అనుకున్నాడు, అలా అనుకుంటూనే ఆరేళ్ల తర్వాత పోయాడు. ఆ హెచ్చరికా, ఆ పిలుపూ ఒకటేనని తెలిసిన మనిషి రాజారాం ఒక్కడే. కర్మకాండకు పోయినప్పుడు చెబుదామనుకున్నాడు. ఈరవ్వ అత్త అందరి ముందూ కోడలిని తిడుతోంది. పసుపు మరిచిపోయి సగం తొవ్వలోంచి వెనక్కి వచ్చిందట, ఒడి నింప పోయే మనిషి వెనుదిరిగితే గంగ ఊరుకుంటుందా అని. అది అతను వేల్పూర్ నుంచి తెచ్చిచ్చిన పసుపే. ఈరవ్వ తల వంచుకుని ఉంది. రాజారాం నోరు తెరవలేదు. నెలకు ప్రశంసాపత్రం వచ్చింది. ఆ తర్వాత చెప్పడం ఇంకా కష్టమైంది.

ఆ మరుసటేడు మొదటి ఎర్ర నీళ్లు వచ్చిన రోజు ఈరవ్వ గేజ్ గది ముందుకొచ్చి నిలబడింది. నీళ్లెంతున్నయి సారూ అని అడిగింది. అతను అంకె చెప్పాడు. ఆమెకు అర్థం కాలేదు. ఒడి నింప పోవచ్చునా అని అడిగింది. వద్దన్నాడు. ఆమె తిరిగి పోయింది. ఇలా పంతొమ్మిది ఏళ్లు. ఒక్క ఏడాదీ అతను పొమ్మనలేదు, ఆమె పోలేదు. ఆ ప్రశ్నకు జవాబు చెప్పడానికే అతను బదిలీలు ఆపించుకున్నాడు. తనకు బదులు వచ్చేవాడు ఏం చెప్తాడోనని భయం.

*

జీపు చెరుకు తోటల మధ్య పోతుంటే రేణుక తన రిపోర్టు చదివి వినిపించింది. తీరప్రాంతపు ప్రతి పల్లెలోనూ ప్రజలకు బాగా తెలిసిన ఒక గుర్తు ఎంచుకోవాలి, గుడి కావచ్చు, చెట్టు కావచ్చు, మెట్టు కావచ్చు. నీళ్లు ఆ గుర్తు చేరుతున్నాయని వాళ్ల మాటల్లోనే చెప్పాలి. నలభై పల్లెలతో మొదలుపెడతారట. రాజారాం కిటికీలోంచి చూస్తూ నలభై పల్లెల్లో ఎన్ని మెట్లు ఉంటాయోనని ఆలోచించాడు. అక్కడి ఆడవాళ్లు ఏ పళ్లాలు పట్టుకుని ఏ నీళ్లకు ఎదురుపోతారో ఈ అమ్మాయికి తెలియదు. తెలుసుకోవాలనీ తెలియదు. ఎందుకంటే తను చెప్పలేదు.

మధ్యలో ఆమె మళ్లీ ఫోన్ చేసింది. జ్వరం తగ్గిందట. అయినా నీళ్లు ఎన్ని తాగింది, ఎన్నిసార్లు ఒంటికి పోయింది అని లెక్క అడుగుతోంది.

ఈరవ్వ ఇంటి ముందు చాప వేసి కూర్చోబెట్టింది. నలభై ఆరేళ్లకే జుట్టు సగం తెల్లబడింది. గేజ్ సారును చూసి, ఇంకా నీళ్లు రాలేదు కదా, ఎందుకొచ్చావని అడిగింది. పిల్లలు మళ్లీ పుట్టలేదు. మొగుడు బోధన్‌లో హమాలీ. అత్త పోయి చాలా ఏళ్లయింది, కానీ ఆమె మాట ఇంట్లోనే ఉన్నట్టు ఈరవ్వ ఏ పనికి బయలుదేరినా వెనక్కి తిరగదు. మరిచిపోయింది ఏదైనా ఉంటే మరిచిపోయినట్టే.

రేణుక మెల్లగా విషయానికి వచ్చింది. ఆ రోజు హెచ్చరిక ఎన్నింటికి అందిందో గుర్తుందా అని అడిగింది.

"హెచ్చరికనా?" అంది ఈరవ్వ. "గట్లాంటిదేం లేదు బిడ్డ. ముత్తన్న పిలిచిండు. ఒడి నింప పోయినం. నేనే పసుపు మర్సి వాపస్ వచ్చిన. తప్పు నాదే."

రేణుక కాగితం చూసుకుంది. ఇబ్బందిగా నవ్వి, చాలా ఏళ్లయింది కదా, గుర్తుండకపోవచ్చు అంది రాజారాం వైపు తిరిగి. గుర్తులేదని రాసుకోవడానికి పెన్ను మూత తీసింది.

ఈరవ్వ ఆ అమ్మాయి మొహంలోకి చూసింది. "గుర్తుండదా?" అంది. అంతే అంది.

"రాయకు బిడ్డ," అన్నాడు రాజారాం.

పెన్ను ఆగింది.

అతను చాప మీదినుంచి లేవబోయి లేవలేక కూర్చునే చెప్పాడు. పైపు, గుంజలు, అమ్మ మెట్టు. ఆ మెట్టు సంగతి తనకు తెలియకపోవడం. వేప చెట్టు కింద ముత్తన్నతో రెండుసార్లు అనిపించిన మాటలు. ఊళ్లో అందరూ పారిపోవాలని చెప్పిన కబురుకు ఊళ్లో అందరూ ఎదురు రావడం. తువ్వాలు. స్తంభం దగ్గర నిలబడి ఎత్తు చూపించుకునే పిల్ల, చెయ్యి ఊపిన పిల్ల. పసుపు వల్ల కాదని, వెనుదిరగడం వల్ల కాదని, తన మాట వల్లనేనని.

ఈరవ్వ ఏడవలేదు. వాకిట్లో కోడి చాప అంచు పొడుస్తుంటే చేత్తో తోలింది. తర్వాత అడిగింది.

"మా అత్త గట్ల తిడుతుంటె నువ్వు ఆడనే ఉన్నవు గదా సారూ?"

"ఉన్న."

"మరి గప్పుడెందుకు చెప్పలే?"

భయమయింది అనవచ్చు. ఉద్యోగం అనవచ్చు. ఆమె కళ్లలో దేనికీ చోటు కనబడలేదు.

"మాట తప్పైపాయె, సరే. నీకు తెల్వదు," అంది ఈరవ్వ. గొంతు పెంచలేదు. "గని ఇరవై ఏండ్లు నేను ఎన్కకు తిరిగి సూడలే సారూ. బిడ్డ దిక్కు గూడ సూడలే యాదిల. తిరిగి సూస్తె మల్లొకటేదన్న పోతదని."

రేణుక రిపోర్టు మూసి ఒళ్లో పెట్టుకుంది. చిన్న గొంతుతో, మరి ఏం చెప్పించాలి అవ్వా అని అడిగింది. అంతదూరం దేశాలకు పోతున్నాను, నేను ఏమని చెప్పాలి.

"నీళ్లు యాడికొచ్చినయో మాకెందుకు బిడ్డ," అంది ఈరవ్వ. "నీళ్లు యాడికొస్తె మేం ఏం జేస్తమో అది మాకే ఎర్క. గది ముందుగాల మమ్ముల అడుగు. అడిగినంక, పిల్లల రెక్క పట్టుకొని గుట్టెక్కుండ్రి అని చెప్పు. ఏ దిక్కు పోవాల్నో చెప్పు. తక్కింది ఇడిసిపెట్టు."

రేణుక రాసుకుంది. మొదటి పేజీ మీద అడ్డంగా ఒక గీత గీసి, ఆ గీత కిందే రాసుకుంది.

రాజారాం లేచాడు. గుమ్మం దగ్గర ఈరవ్వ అడ్డం నిలబడింది.

"స్తంభం కాడ నిలబడేదంటివి గదా. ఎంతుండె?"

"తొంభై రెండు."

"గదంత నాకేం సమజైతది? సూపియ్యి."

అతని జేబులో ఎప్పుడూ ఒక స్టీలు టేపు ఉంటుంది. తీశాడు. దర్వాజ చెక్కకు ఆనించి, కింద గడప దగ్గర బొటనవేలితో తొక్కి పట్టి, పైకి లాగాడు. ఎనభై. తొంభై. రెండు గీతలు. వేలు పెట్టి చూపించాడు. మోకాళ్లు నొప్పి పెడుతుంటే వంగి, ఇరవై ఒక్క ఏళ్ల కింద ఎలా చదివాడో అలాగే, ఒక గీత ఎక్కువ తక్కువ లేకుండా.

ఈరవ్వ వచ్చి అతని వేలి పక్కన అరచెయ్యి పెట్టింది. చెయ్యి అంత కిందికి పోవడం చూసి ఆమె మొహం మారింది.

"గింతేనా?" అంది. "నా యాదిల ఇంకింత పొడుగున్నది."

ఆమె లోపలికి పోయి కొడవలి తెచ్చింది. రాజారాం వేలు తీసిన చోట కొన ఆనించి, ఇంక పో సారూ అంది. కోపంగా కాదు, దయగా కాదు. మళ్లీ కొత్త నీళ్లు వస్తే అడగడానికి వస్తానని గానీ రానని గానీ అనలేదు.

జీపు వాగు అవతల ఆగి ఉంది. మబ్బు కమ్ముకుంటోంది. రేణుక ముందు నడుస్తూ ఫోన్ చెవి దగ్గర పెట్టుకుంది కానీ ఏం అడగడం లేదు, అవతలివైపు పిల్ల ఏదో చెప్తుంటే వింటోంది. రాజారాం ఆమె వెనక నడిచాడు. జీపు చేరేదాకా, చేరి ఎక్కి కూర్చున్నాక కూడా, వెనకనుంచి చెక్క మీద కొడవలి గీస్తున్న చప్పుడు అతనికి వినబడుతూనే ఉంది.